ముందు అద్దం బటన్

కొండ మీద ట్రాక్ క్వార్టర్స్,
వాన వెలిసిన ఆదివారం

మరదలా,

ఇక్కడ ఫోను గేటు దగ్గర కాపలావాడి పెట్టెలో పడేసి లోపలికి రావాలి. ఆఫీసు మెయిల్లో ఏం రాసినా నీకంటే ముందు మీ నునుపు సారు చదువుతాడు. అందుకని సామాన్ల వ్యాన్ డ్రైవరు చేతిలో ఈ కవరు పెడుతున్నాను. నా తిట్లు చెక్కుచెదరకుండా నీదాకా రావాలంటే ఇదొక్కటే దారి.

నువ్వు గీసిన స్క్రీన్ పెట్టిన కారు వచ్చింది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, కాదనను. డాష్‌బోర్డు మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే నల్లటి గాజు. మధ్యాహ్నానికల్లా దాని నిండా వేలిముద్రలు. నావి, నాకంటే ముందు నడిపినవాడివి, వాడు తిన్న చిప్స్ నూనె మరకలు. ఎవరో తిని వదిలేసిన కంచంలో నాకు వడ్డించినట్టు అనిపించింది. పొద్దున్నించి తుడుస్తూనే ఉన్నాను. తుడవడానికి గుడ్డ పెడితే అదీ వేలే అనుకుని రేడియో మోగిస్తుంది.

అదైనా సహిస్తాను. నిన్న పొద్దున లోయ పక్క మలుపులో ముందు అద్దం ఒక్కసారిగా ఆవిరి పట్టి తెల్లబడింది. పాత కారులో అయితే చెయ్యి దానంతటదే వెళ్ళి ఆవిరి పోగొట్టే బటన్ నొక్కేసేది, కళ్ళు రోడ్డు మీదే ఉండేవి. ఇందులో ఆ బటన్ పీకేశారు కదా. స్క్రీన్ కింద మూల ఫ్యాను బొమ్మ నొక్కాలి. అప్పుడు ఇంకో పేజీ వస్తుంది. అందులో 'గాలి దిశ' నొక్కాలి. అప్పుడు ఒక కారు బొమ్మ తేలుతూ, వయ్యారాలు పోతూ, తీరిగ్గా వస్తుంది. ఆ బొమ్మ ముందు అద్దం మీద వేలు పెట్టాలి. నా చేతికి మందపాటి గ్లౌజు ఉంది కాబట్టి వేలు పెట్టినా దానికి తెలియలేదు. కారు ఆపేసి, మెడలో స్కార్ఫ్ తీసి అద్దం తుడుచుకున్నాను. దిగి చూస్తే ముందు చక్రం తెల్లగీత దాటి ఉంది. అవతలంతా లోయే.

ఆ కారు బొమ్మని అంత ముద్దుగా కదిలించింది నువ్వేనని నాకు తెలుసు. నీ చెయ్యి నేను గుర్తుపడతాను. మలుపులో దాన్ని చూస్తూ కూర్చున్న ఆ కాస్త సేపూ నిన్ను ఎన్ని తిట్టానో మీ అన్నయ్యని అడుగు. పక్క సీట్లో ఆయనే ఉన్నారు. ఆయన పాఠాలు చెప్పే స్కూలుకి లిఫ్టు ఇస్తానంటే ఎక్కారు పాపం, మిగతా దారంతా నడిచి వెళ్ళారు.

ఈ కారు అమ్మకానికి వెళ్ళాలంటే, కార్లు నడిపి పరీక్షించే ఈ ట్రాక్ తరఫున నా సంతకం కావాలి. ఆ బటన్ వెనక్కి రానిదే నేను పెట్టను. మీరు అక్కడ చేసిన పరీక్షల ఫలితాలు పంపించు. అసలు దీన్ని మీరు ఎవరిమీదైనా పరీక్షించి చూశారా?

అత్తయ్య ఎలా ఉన్నారు? పూల్లో పిల్లలకి ఈత ఇంకా నీళ్ళలోకి తోసే నేర్పిస్తున్నారా?

నీ వదిన

*

డిజైన్ విభాగం, కిటికీ పక్క బల్ల,
బుధవారం

వదినా,

నీ ఉత్తరం చదివి తెగ నవ్వాను. అన్నయ్యని నడిపించావా? పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయన చేత వ్యాయామం చేయించిన ఘనత నీకు దక్కింది.

నీకు ముక్కు మీద కోపం అని తెలిసే కదా నిన్ను ఆ కొండెక్కించారు. కానీ గ్లౌజు వేసుకుని టచ్ స్క్రీన్ నొక్కడమేమిటి చెప్పు? గ్లౌజు తీసేస్తే ఏం పోయింది? పైగా ఈ స్క్రీన్‌కి కాస్త అలవాటు పడాలి. వారం నడిపితే నీకే వచ్చేస్తుంది, అప్పుడు పాత బటన్లు చూస్తే నీకే నవ్వొస్తుంది.

నునుపు సారు సంగతి నీకు తెలియనిదా? ఏ నమూనా తెచ్చిపెట్టినా ముందు దానిమీద అరచేయి వేసి ఈ చివర నుంచి ఆ చివర దాకా నిమురుతాడు. ఎక్కడైనా చేతికి తగిలిందో, "ఇక్కడేదో ఉంది, తీసెయ్యండి" అంటాడు. తగిలేవే బటన్లు కాబట్టి ఒక్కొక్కటే పోయాయి. చివరికి మిగిలింది ఆ ముందు అద్దం బటన్. దానికోసం నేనూ వాదించాను, నిజంగా. ఒప్పుకోలేదు. పరీక్ష పెట్టండి, జనం ఇబ్బంది పడితే ఉంచుదాం అన్నాడు.

పెట్టాం. ఎప్పటిలాగే బయటివాళ్ళకి చూపించకూడదు కాబట్టి మన సిబ్బంది ఇళ్ళల్లోవాళ్ళనే పిలిచాం. పరీక్ష గదిలో ఉన్న ఉత్తుత్తి కారులో కూర్చోబెట్టి, ముందు గోడ మీద రోడ్డు సినిమా వేసి, మధ్యలో అద్దం తెల్లబడేట్టు చేశాం. అందరూ స్క్రీన్ మీద దారి కనుక్కున్నారు. ఒక్కరు కూడా ఫెయిల్ కాలేదు. కాగితాలు వేరే కవర్లో అధికారికంగా వస్తున్నాయి, చూసుకో.

ఇంకో మాట. సారు వచ్చే నెలలో పై పదవికి వెళ్తున్నాడు. ఆయన కుర్చీ నాకే అని అందరూ అంటున్నారు. ఆయన కూడా, ఈ కారు బయటికి వెళ్ళగానే చూద్దాం అన్నాడు. నీ సంతకం ఒక్కటే బాకీ. ఆడపడుచుకి ఆ మాత్రం చెయ్యవా?

అమ్మ బాగుంది. ఈమధ్య కాస్త విశ్రాంతి తీసుకుంటోంది.

నీ మరదలు

*

ట్రాక్ క్వార్టర్స్, హీటరు పక్కన,
శనివారం

మరదలా,

విశ్రాంతా? అత్తయ్యా? జ్వరం వస్తే నీళ్ళలోకి దిగితే తగ్గుతుందనే మనిషి. ఏమైందో సరిగ్గా రాయి.

కాగితాలు చూశాను. రెండుసార్లు చూశాను. అందరూ పాస్. నాకు నమ్మకం కుదరడం లేదు. పదేళ్ళుగా కార్లు నడపడమే పనిగా ఉన్నదాన్ని, నేనే మలుపులో బొమ్మ చూస్తూ కూర్చుండిపోయాను. మీ అకౌంటెంటు బావగారూ, రిసెప్షన్ అమ్మాయి వాళ్ళ నాన్నా అంత తడుముకోకుండా ఎలా కనుక్కున్నారు? వాళ్ళకి ముందే ఎవరైనా చూపించారా?

అలవాటవుతుందని రాశావు. వారం రోజులుగా దాన్నే నడుపుతున్నాను. అలవాటు కాలేదు, కాదు కూడా. నువ్వూ నేనూ ఈ పనిలో చేరిన కొత్తలో ఏం చేసేవాళ్ళమో నీకు గుర్తుచెయ్యనక్కర్లేదు. కళ్ళకి చున్నీ కట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చుని, హారన్ ఎక్కడ, వైపర్ ఎక్కడ, లైటు ఎక్కడ అని ఒకరినొకరం పరీక్ష పెట్టుకునేవాళ్ళం. చేతికి దొరికితే పాస్, దొరక్కపోతే ఆ డిజైన్ ఫెయిల్. ఫెయిలయ్యేది డిజైన్, మనిషి కాదు. ఆ మాట నాకు చెప్పింది నువ్వే. ఇప్పుడు గాజు మీద కళ్ళు కట్టుకుని ఏం వెతకమంటావు? అంచు లేదు, గుంట లేదు, బుడిపె లేదు. ఎక్కడ ముట్టుకున్నా ఒకేలా చల్లగా జారుతుంది. దాన్ని ముట్టుకోవాలంటేనే ఒంటికి పాకురు అంటినట్టుంది నాకు.

నిన్న సాయంత్రం ఇంకో విడ్డూరం జరిగింది. వాన పడుతుంటే వైపర్ల వేగం పెంచుదామని స్క్రీన్ ముట్టుకున్నాను. 'మీ ప్రయాణం ఎలా ఉంది?' అని నక్షత్రాలు చూపించి అభిప్రాయం అడిగింది. మరదలా, దాన్ని పెట్టినవాడెవడో గానీ వాడిని నా కారుకి ముందు కట్టి ఆ వానలో కొండ దింపాలని ఉంది.

సంతకం సంగతి అడిగావు. నీకు కుర్చీ రావాలని నాకూ ఉంది. నీకంటే బాగా గీసేవాళ్ళు ఆ భవనంలో లేరు. అందుకే మరీ ఒళ్ళు మండుతోంది. నిజం రాయి. ఎవరిని కూర్చోబెట్టారు, ఎవరిని లెక్కలోంచి లేపేశారు?

నీ వదిన

*

డిజైన్ విభాగం,
సోమవారం

వదినా,

నేను ప్రేమగా రాస్తే నువ్వు పోలీసులా ప్రశ్నలేస్తున్నావు.

ఎవరినీ లేపెయ్యలేదు. కొందరికి సూచన అర్థం కాలేదు. ఏం చెయ్యాలో ముందే చదివి వినిపిస్తాం కదా, అది బుర్రకెక్కకుండానే సీట్లో కూర్చున్నారు. అలాంటివాళ్ళ ఫలితాలు లెక్కలోకి తీసుకోకూడదు. ఇది కొత్తగా పెట్టిన పద్ధతి కాదు, ప్రతి పరీక్షలోనూ చేసేదే. పని తెలియనివాళ్ళని కలిపితే లెక్క పాడవుతుంది. ఆ కాగితం మీద సంతకం నాదే. అందులో తప్పేమీ లేదు.

సారు పొద్దున మళ్ళీ అడిగాడు, ట్రాక్ నుంచి ఇంకా ఎందుకు రాలేదని. మా వదినే, తెచ్చేస్తాను అన్నాను. నా పరువు తియ్యకు. వచ్చే వారం ప్రదర్శనకి వేరే ఊరు వెళ్తున్నాను, ఈ కారు అక్కడ తెర తీసి చూపిస్తారు. తిరిగొచ్చేసరికి నీ కాగితం నా బల్ల మీద ఉండాలి.

అమ్మ కారు నడపడం మానేసింది. ఏమీ కాలేదు, తనే మానేసింది. ఆ వయసులో అదే మంచిది. నువ్వు కంగారు పడకు, అన్నయ్యని కంగారు పెట్టకు.

మరదలు

*

మీ ఇంటి వంటింటి బల్ల దగ్గర నుంచి,
గురువారం మధ్యాహ్నం

ఆడపడుచు గారికి,

పన్ను నొప్పి అని సెలవు పెట్టి దిగి వచ్చాను. పన్ను నొప్పి నిజమే. నువ్వు ప్రదర్శనలో ఉంటావని తెలుసు. నీ గదిలో దిండు మీద ఈ ఉత్తరం పెట్టి వెళ్తున్నాను. మధ్యలో ఇంకో చేతికి పడటం నాకిష్టం లేదు.

వచ్చేసరికి అత్తయ్య ఇంట్లో లేరు. వీధి చివర బస్‌స్టాపులో కనిపించారు. ఈత కొట్టే సంచి ఒళ్ళో పెట్టుకుని, ఏ బస్సు ఎక్కాలా అని బోర్డు చదువుకుంటున్నారు. నన్ను చూసి సిగ్గుపడ్డారు. నేనెప్పుడూ ఆవిడ సిగ్గుపడటం చూడలేదు. పొద్దుటి క్లాసు వదిలేశారట, ఆ వేళకి బస్సు లేదు కాబట్టి. చిన్నపిల్లల క్లాసు అది. ఇప్పుడు పదిన్నరకి వచ్చే పెద్దవాళ్ళకి మాత్రం నేర్పుతున్నారు. వాళ్ళు నీళ్ళలో నిలబడి కబుర్లు చెప్పుకుంటారట.

ఇంటికి తీసుకొచ్చి కూర్చోబెట్టి అడిగాను. చాలాసేపు మాట దాటేశారు. ఈ బల్ల మీద మందుల సీసా ఉంది. జ్ఞాపకశక్తికట, మందుల షాపువాడు ఇచ్చాడట. ఎందుకత్తయ్యా అంటే అప్పుడు చెప్పారు.

"నాకు మతి పోతోందే అమ్మాయ్. మీ ఆఫీసులో అద్దం తెల్లబడగానే చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. తడుముకుంటూనే లారీ కిందకి పోయాను. నిజం రోడ్డయితే? పూల్ పిల్లలు నా కారులోనే కదా ఎక్కుతారు."

అది కారు తప్పత్తయ్యా, నేనూ అలాగే తడుముకున్నాను అన్నాను. నా మాట నమ్మలేదు. నన్ను ఓదార్చడానికి చెప్తున్నావులే అన్నారు. ఇంటికొచ్చాక మీ కూతురిని అడిగారా అంటే, అడిగారట. "వయసుకి అంతేనమ్మా, వదిలెయ్యి అంది. ఆ స్క్రీన్ గీసిందే అది కదా, దానికి తెలియదా?"

అందరూ పాసయ్యారని నాకు కాగితం పంపావు. ఆ కాగితంలో అత్తయ్య లేరు. 'సూచన అర్థం కానివాళ్ళ'లో కలిపేశావు. సొంత తల్లిని. ఆ మనిషి ఎన్ని వందలమంది పిల్లలకి సూచనలిచ్చి నీళ్ళలో తేల్చింది? ఆవిడకి నీ రెండు వాక్యాలు అర్థం కాలేదా?

నీ స్క్రీన్ అంటే రోత అనుకున్నాను. దానికి మెదడు లేదు, పోనీలే. నువ్వంటే రోత పుడుతోంది. ఇది రాయడానికి నాకేం సంతోషంగా లేదు. ఉదయం నుంచి నోరంతా చేదుగా ఉంది. పన్ను వల్ల కాదు. లెక్క పాడవకుండా ఉండాలని కొట్టేశావు, సరే, అది ఆఫీసు కక్కుర్తి. ఇంటికొచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుని అన్నం తింటూ ఆ మాట ఎలా అన్నావు? ఆవిడ బస్‌స్టాపుకి నడిచి వెళ్తుంటే కిటికీలోంచి ఎలా చూశావు? ఆ మాత్రలు మింగుతుంటే నీళ్ళు కూడా నువ్వే అందించావేమో.

నేను చెప్తే ఆవిడ నమ్మరు. నువ్వు చెప్తేనే నమ్ముతారు, ఎందుకంటే నువ్వు చెప్తేనే మానేశారు. మీ అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. నువ్వు చెప్పాక చెప్తాను.

నువ్వు నన్ను మళ్ళీ వదినా అని పిలవాలనుకుంటే కొట్టేసినవాళ్ళందరినీ వెనక్కి చేర్చు.

మీ అన్నగారి భార్య

*

ఇంట్లో, నా గది,
ఆదివారం

వదినా,

పిలుస్తున్నాను. నువ్వు పలకకపోయినా సరే.

పోయిన వారం ఊరి నుంచి వచ్చి నీ ఉత్తరం చదవగానే ముందు నీ మీదే రోత పుట్టింది. మా ఇంట్లోకి దొంగలా వచ్చి నా దిండు మీద విషం పెట్టి వెళ్ళిందనుకున్నాను. చించేద్దామని లేచాను. వంటింట్లో అమ్మ మాత్రల మూత తీస్తున్న చప్పుడు వినిపించింది. మళ్ళీ కూర్చున్నాను.

దాచడానికి ఇంకేం లేదు కాబట్టి అన్నీ రాస్తున్నాను. ఆ రోజు అమ్మ కొత్త చెప్పులు వేసుకుని వచ్చింది. కూతురి ఆఫీసు కదా. పరీక్ష గదిలో అంతా రికార్డవుతుంది. అమ్మా, నాన్నా అని పిలవకూడదని రూలు, తర్వాత ఎవరైనా పక్షపాతం అంటారని. నేను గాజు గోడ వెనక గదిలో మైకు ముందు కూర్చున్నాను. సూచన నేనే చదివాను. అమ్మ తలూపింది. అంతా శుభ్రంగా అర్థమైంది వదినా. అద్దం తెల్లబడగానే అమ్మ చెయ్యి సూటిగా వెళ్ళింది, తన పాత కారులో బటన్ ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడికి. అక్కడ గాజు. రెండుసార్లు గట్టిగా నొక్కింది. తర్వాత వంగి స్క్రీన్ చూసింది. ఆ వంగిన క్షణంలోనే లారీ వచ్చేసింది. "సారీ అండీ" అంది మైకులోకి. నన్నే. నేను "థాంక్యూ మేడమ్, మీరు దిగొచ్చు" అన్నాను. రూలు ప్రకారం.

అమ్మ ఒక్కతే కాదు. ఆ రోజు వచ్చినవాళ్ళలో యాభై దాటిన చాలామంది అలాగే వంగారు, కుర్రాళ్ళలోనూ కొందరు. వాళ్ళని కలిపితే స్క్రీన్ ఫెయిల్. బటన్ వెనక్కి పెట్టాలి, డాష్‌బోర్డుకి కొత్త అచ్చు పోయాలి, కారు ఆరు నెలలు ఆలస్యం. సారు నా భుజం మీద చెయ్యి వేసి, "వీళ్ళకి సూచన అర్థమైనట్టు లేదు కదా" అన్నాడు. అడిగినట్టే అన్నాడు, చెప్పినట్టు కాదు. నేను అవునన్నాను. ఆ పని నాకు అంత తేలిగ్గా ఎలా వచ్చిందో తలుచుకుంటే కంపరంగా ఉంది.

ఇంట్లో అమ్మ అడిగినప్పుడు ఆ మాట ఎందుకన్నానంటే, నాకు కావలసింది అదే కాబట్టి. అమ్మ తప్పయితే స్క్రీన్ తప్పు కాదు.

మొన్న సారు దగ్గరికి వెళ్ళాను. కొట్టేసినవాళ్ళని చేరుస్తున్నాను అన్నాను. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. బల్ల నిమురుతూ, అయితే బటన్ని విడిగా అమ్ముదాం అన్నాడు. 'పెద్దల ప్యాకేజీ' అని పేరు కూడా పెట్టేశాడు. పెద్ద స్టీరింగు, పెద్ద అక్షరాలు, ఆ బటన్, కలిపి ఒక రేటు. మీ అమ్మగారికి మన తరఫున ఉచితంగా పెట్టిద్దాం అన్నాడు. ముందు అద్దం కనపడటానికి విడిగా డబ్బు కట్టాలన్నమాట. నాకు అక్కడే వాంతయ్యేలా అనిపించింది. ఆ బల్ల మీదే అయితే ఆయన దేన్ని నిమిరేవాడో.

వద్దన్నాను. అయితే చేర్చడానికి వీల్లేదన్నాడు. సూచన అర్థం కాలేదని నువ్వే సంతకం పెట్టాక, నీ మాట మీద మళ్ళీ అర్థమైందని రాస్తే ఎవరు నమ్ముతారు అన్నాడు. అది మాత్రం నిజమే.

అమ్మకి ఇంకా చెప్పలేదు. రోజూ చెప్దామని కూర్చుంటాను, నీళ్ళు నములుతాను, టీవీ గురించి మాట్లాడి లేస్తాను. ఒక్కసారి నువ్వు రాలేవా? నువ్వు పక్కనుంటే చెప్తాను.

నీ మరదలు

*

ట్రాక్ క్వార్టర్స్,
మంగళవారం

మరదలా,

రాను.

నేను పక్కన ఉంటే నువ్వు సగం చెప్తావు, మిగతా సగం నేను సర్దుతాను, అత్తయ్య మనిద్దరికీ కాఫీ పెడతారు, అంతటితో చల్లారిపోతుంది. అలా చల్లారకూడదు.

ట్రాక్ నివేదిక ఈ వ్యాన్‌లోనే, కార్లకి ఆమోదం ఇచ్చే పై కమిటీకి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో నాకు చేతనైనంత వివరంగా రాశాను, మలుపూ గ్లౌజూ లోయా అన్నీ. నీ పేరు రాయలేదు, నీమీద జాలితో కాదు. అది నువ్వు రాసుకోవాల్సింది. ఒక్క ట్రాక్ మాట అయితే కొండ మీద చలికి చెడిపోయిందని కొట్టిపారేస్తారు. కింద జనం కూడా ఫెయిలయ్యారని కాగితం వస్తేనే బటన్ వెనక్కి వస్తుంది. శుక్రవారం కమిటీ.

'పెద్దల ప్యాకేజీ' సంగతి మీ అన్నయ్యకి చదివి వినిపించాను. తింటున్న మనిషి కంచం పక్కకి నెట్టి లేచిపోయారు. అత్తయ్య సంగతి ఇంకా చెప్పలేదు. చెప్పేస్తానని బెదిరించడం లేదు గానీ, ఇంక దాచడం నావల్ల కావడం లేదు.

వెళ్ళి చెప్పు. అత్తయ్య నిన్ను కొడితే పడు.

నీ వదిన

*

ఇంట్లో,
శుక్రవారం సాయంత్రం

వదినా,

కొట్టలేదు.

బుధవారం పొద్దున అమ్మ కాఫీ కలుపుకుంటుంటే చెప్పాను. నువ్వు ఫెయిల్ కాలేదమ్మా, స్క్రీన్ ఫెయిలైంది, నాకు అక్కడే తెలుసు, నీకు సూచన అర్థం కాలేదని నేనే రాశాను, వయసని అబద్ధం చెప్పాను అని. గుక్క తిప్పుకోకుండా చెప్పాను, ఆగితే మళ్ళీ చెప్పలేనని. అమ్మ కాఫీ తాగడం ఆపలేదు. మొత్తం తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. మందుల సీసా తీసి చెత్తబుట్టలో వేసింది. అప్పుడు ఒక్కటే అడిగింది, "ఎన్నాళ్ళు ఊరుకుందామనుకున్నావు?" అని. ఆ రోజంతా, మర్నాడు పగలంతా నాతో మాట్లాడలేదు.

నిన్న రాత్రి నా గది గుమ్మంలో నిలబడి, రేపు మీ ఆఫీసుకి తీసుకెళ్ళు అంది. ఎందుకంటే, మళ్ళీ కూర్చుంటాను అంది. పాత కాగితాన్ని మార్చడానికి నా మాట చెల్లదు గానీ కమిటీ చూస్తుండగా ఇంకోసారి పరీక్ష పెడితే ఎవరూ కాదనలేరని నేనే చెప్పాను లే బుధవారం నాడు, ఏడుస్తూ ఏదో చెప్పుకుంటూ. అమ్మ మరిచిపోలేదు. దారి నేర్పమంటావా, స్క్రీన్ మీద ఎక్కడ నొక్కాలో చూపిస్తాను అన్నాను. నా మొహం వైపు అసహ్యంగా చూసింది. ఇంకా బుద్ధి రాలేదా నీకు అంది.

ఈ రోజు తన కారులోనే తీసుకెళ్ళాను. నేను నడిపాను, తను పక్కన కూర్చుంది. కమిటీవాళ్ళు అయిదుగురు, నీ నివేదిక అందరి చేతుల్లో ఉంది. సారు కూడా ఉన్నాడు. ముందు నేను లేచి, పాత కాగితం మీద నేను రాసింది అబద్ధమని చెప్పాను. ఒకాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. తర్వాత అమ్మని ఉత్తుత్తి కారులో కూర్చోబెట్టాం. సూచన నేనే చదివాను. మీకు అర్థమైందా అని సారు అడిగాడు. అమ్మ ఆ సూచనని పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పింది, పూల్ గట్టు మీద నిలబడి చెప్పే గొంతుతో.

రోడ్డు నడిచింది. అద్దం తెల్లబడింది. అమ్మ చెయ్యి మళ్ళీ అక్కడికే వెళ్ళింది. గాజు. ఈసారి తను వంగి చూడలేదు. రోడ్డు వైపే చూస్తూ, ఆ ఖాళీ గాజు మీద వేలితో నొక్కుతూనే ఉంది, బటన్ ఉండాల్సిన చోట, లారీ వచ్చి గుద్దేదాకా.

నేను మైకులో "అమ్మా, దిగు" అన్నాను. రూలు తప్పాను. అమ్మ దిగలేదు.

"ముందు రాయి. సూచన అర్థమైంది. బటన్ లేదు. రెండూ రాయి. కింద నా పేరు రాయి."

రాశాను. కింద అమ్మ పేరు కూడా రాశాను. సారు ఏదో అనబోతే కమిటీలో పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. బటన్ వెనక్కి వస్తోంది వదినా. అన్ని కార్లకీ, విడిగా డబ్బు లేకుండా. ఆరు నెలలు ఆలస్యం అని రాసుకున్నారు. సారు కుర్చీ నాకు రాదు, అది కూడా అక్కడే తేలిపోయింది. ఉద్యోగం ఉంటుందో లేదో సోమవారం చెప్తారట. ఇది నీకు ముందు రాయాల్సింది, కానీ నేను చెప్పదలుచుకుంది ఇది కాదు.

అందరూ లేచాక అమ్మతో పాటు కిందికి వచ్చాను. పార్కింగులో కారు దగ్గర అమ్మ చెయ్యి చాపింది. తాళాలు ఇచ్చాను. డ్రైవరు సీట్లో కూర్చుని, నేను వెనక్కి జరిపిన సీటు ముందుకి లాక్కుంది, అద్దాలు సరిచేసుకుంది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అటు వైపు తిరిగి వెళ్ళి తలుపు లాగాను. లోపల గడియ వేసి ఉంది. తెరుస్తుందేమోనని నిలబడ్డాను. అమ్మ కిటికీ కాస్త దించింది.

"నువ్వు బస్సులో రా" అంది.

కారు గేటు దాటి వెళ్ళిపోయింది. ఎంత చక్కగా తిప్పిందో మలుపు. నాకు ఏ బస్సు ఎక్కాలో తెలియలేదు వదినా. స్టాపులో బోర్డు చదువుకుంటూ నిలబడ్డాను.

నీ మరదలు